అయ్యగారు చెబితేనే చావు

మా ఊళ్లో చావు కబురు చెప్పే హక్కు ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడూ నా మొగుడు.

సముద్రం మీద ఎవరైనా పోతే ముందు ఓడ యజమానికి తెలుస్తుంది. అతను నేరుగా ఆ ఇంటికి వెళ్లడు. పాదిరి ఇంటికి వస్తాడు. పాదిరి నల్లటి నిలువుటంగీ తొడుక్కుని, మెడ చుట్టూ తెల్లటి మడతల పట్టీ పెట్టుకుని, ఒంటరిగా నడిచి వెళ్లి చెబుతాడు. ఆయన నోటి నుంచి వస్తేనే అది చావు. అంతవరకూ ఎవరెన్ని చెప్పినా పుకారే. మా అమ్మమ్మ రోజుల్లో ఒకావిడ గాలి కబురు నమ్మి కొండ అంచు నుంచి దూకేసిందట. వారం తిరక్కుండా ఆమె మొగుడు భుజాన సంచీతో రేవులో దిగాడట. ఆనాటి నుంచి ఫారో దీవుల్లో మా ఊరికి ఇది కట్టుబాటు.

అందుకే మామూలు రోజున పాదిరి వీధిలోకి వస్తే కిటికీ తెరలన్నీ కదులుతాయి. నా మొగుడు ఆక్సెల్ డెన్మార్క్ నుంచి వచ్చినవాడు, మా పెళ్లయిన కొత్తలో అతనికి ఈ సంగతి తెలియదు. ఎవరికో జ్వరమని పలకరించడానికి అంగీ వేసుకుని బయలుదేరితే, దారిలో ఒకామె చేపల బుట్టతో సహా కూలబడిపోయింది. అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. ఊరికే పలకరింపులకు వెళ్లేటప్పుడు నేను పక్కన నడుస్తాను, చేతిలో ఉన్ని అల్లుకుంటూ. పాదిరి పెళ్లాం అల్లుకుంటూ వస్తోందంటే ఆ రోజు ఎవరూ పోలేదని గుర్తు. ఊరు ఊపిరి పీల్చుకునేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లయిన ఆ వసంతంలో, నా అల్లిక ఊరంతటికీ అబద్ధం చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఎవల్డ్ మా ఇంటికి వచ్చాడు. ఊళ్లో ఉన్న రెండు పెద్ద చెక్క ఓడలూ అతనివే: ఎస్తర్, రెబెక్కా. ఒకే ఏడు, ఒకే చోట తయారైన అక్కాచెల్లెళ్లు. తెరచాపల కాలం నాటి పాత ఒళ్లు. గడిచిన చలికాలంలో రెండింటి కడుపులోనూ బరువైన కొత్త ఇంజన్లు పెట్టించాడు. ఎస్తర్ అప్పటికే ఐస్‌లాండ్ వైపు చేపల వేటకు పోయింది. రెబెక్కా సోమవారం పొద్దున బయలుదేరాలి. దాని మీద నా తమ్ముడు తోర్కిల్ వెళ్తున్నాడు.

ఎవల్డ్ చర్చి సంఘానికి పెద్ద కూడా. నెలలో రెండు మూడుసార్లు మా ఇంట్లో కాఫీ తాగుతాడు. అందుకే నాకు అనుమానం రాలేదు. నేను పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లగానే ఇద్దరూ మాట ఆపేశారు.

“ఏంటి, నన్ను చూసి గప్‌చుప్ అయిపోయారు?” అన్నాను.

“ఆదివారం పిల్లల వేడుక గురించమ్మా,” అన్నాడు ఎవల్డ్. “వాన పడకుండా చూడమని అయ్యగారికి చెబుతున్నా.”

“వాన సంగతి ఆయన చేతుల్లో ఉంటే మా ఇంటి కప్పు ఎందుకు కారుతుంది?” అన్నాను. ఎవల్డ్ గట్టిగా నవ్వాడు. ఆక్సెల్ నవ్వలేదు.

ఆ ఆదివారం ఊరికి ఏడాదిలోకెల్లా పెద్ద రోజు. పధ్నాలుగేళ్లు వచ్చిన పిల్లలు సంఘం ముందు నిలబడి తమ విశ్వాసం తామే ఒప్పుకుని, మొదటిసారి ప్రభు భోజనం తీసుకుంటారు. ఆ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ విందే. ముందు రోజు పాదిరి ఆ ఇళ్లన్నీ తిరిగి పిల్లల్ని దీవించి వస్తాడు.

శనివారం పొద్దున్న ఆక్సెల్ గుమ్మంలో నిలబడి, “సున్నివా, నువ్వూ రా. అల్లిక మర్చిపోకు,” అన్నాడు.

నేనెప్పుడూ మర్చిపోలేదు. అతనెప్పుడూ గుర్తు చెయ్యలేదు. అది అప్పుడు నాకు తట్టలేదు.

చివరగా ఎల్స్పా ఇంటికి వెళ్లాం. ఆమె మొగుడు హాన్నస్, ఎస్తర్‌కి కెప్టెన్. కూతురు బీర్నాకి మర్నాడు వేడుక. ఎల్స్పాకి నోరు ఎక్కువ, చెయ్యి అంతకంటే ఎక్కువ. వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. బల్ల మీద పొరలు పొరలుగా కేకు, పొయ్యి మీద రూబార్బ్ కాడల పాకం, దూలానికి గాలికి ఎండబెట్టిన గొర్రె తొడ.

“రండి అయ్యగారూ, రండి. సున్నివా, నువ్వు ఆ సూదులు పక్కన పెట్టి ఈ మీగడ గిలక్కొట్టు. పాదిరి పెళ్లానివైనంత మాత్రాన చేతులకి సెలవా?”

“నీ ఇంట్లో దేవదూత దిగినా గిన్నెలు తోమిస్తావు కదే!”

“రెక్కలు తడవకుండా తోమాలి మరి,” అంది. ఆ తర్వాత ఆక్సెల్ వైపు తిరిగి, “అయ్యగారూ, ఎస్తర్ నుంచి రేడియోలో మాట రాక ఐదార్రోజులైంది. ఎవల్డ్‌గారు మీకేమైనా చెప్పారా?” అని అడిగింది.

నేను గిన్నెలోంచి తలెత్తలేదు. జవాబు రావడానికి కాస్త ఆలస్యమైంది. అంతే గుర్తుంది నాకు.

“ఆ పాత రేడియోలు ఎప్పుడు పనిచేశాయమ్మా,” అన్నాడు ఆక్సెల్.

“అదే నేనూ అంటున్నా. మా ఆయనకి రేడియో చేతబట్టుకోవడమే రాదు, పొగాకు గొట్టం తప్ప. కూతురి వేడుకకి రాలేకపోయాడని ముఖం చాటేస్తున్నాడు. రానీ, వీపు చీరేస్తా.” నవ్వుతూ కేకు పెద్ద ముక్క కోసి అతని ముందు పెట్టింది. “మొదటి ముక్క మీకు. రెండోది మా ఆయనకి తీసి దాస్తా. ఎండిపోయినా అదే తింటాడు, వేరే దిక్కులేదు.”

ఆక్సెల్ ఆ ముక్క తిన్నాడు. మొత్తం తిన్నాడు. చాలా బావుందన్నాడు. బీర్నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. ఆ పిల్ల తెల్ల గౌను చూపించి, “నాన్న వచ్చేదాకా దీన్ని ఉతకను అయ్యగారూ,” అంటే, “మంచిది తల్లీ,” అన్నాడు.

ఇన్నేళ్లయినా ఆ “మంచిది తల్లీ” తలుచుకుంటే నా ఒళ్లు మండిపోతుంది.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. పిల్లలు బెరుగ్గా, మెరుస్తూ ముందు వరసలో నిలబడ్డారు. ఆక్సెల్ మంచి ప్రసంగీకుడు. గొంతు పెంచకుండానే చివరి బల్ల దాకా వినిపిస్తాడు. కాపరి గురించి చెప్పాడు. మంద ముందు నడిచేవాడే కాపరి, తోడేలు వచ్చినప్పుడు వెనక్కి తగ్గేవాడు కూలివాడు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు వణకలేదు. దాన్ని మాత్రం నేను చచ్చినా క్షమించను.

ప్రసంగం తర్వాత, సముద్రం మీద ఉన్నవాళ్ల కోసం ప్రార్థన. మా చర్చిలో వేటకు పోయిన ప్రతి ఓడనూ పేరు పెట్టి పిలిచి, దాన్ని క్షేమంగా ఇంటికి చేర్చమని అడుగుతారు. పెద్ద ఓడ పేరు ముందు. తలలు వంచుకున్నాం.

“ప్రభువా, మారియాను క్షేమంగా చేర్చు. సోల్వేగ్‌ను క్షేమంగా చేర్చు. హాఫ్‌స్టైన్‌ను క్షేమంగా చేర్చు...”

ఆమేన్ అన్నాడు.

నేను తలెత్తాను. ఎస్తర్ ఏది?

చుట్టూ చూశాను. ఎవరూ గమనించలేదు. తల్లులందరి కళ్లూ తమ పిల్లల జడల మీద, కాలర్ల మీద ఉన్నాయి. ఎల్స్పా బీర్నా గౌను వెనక ముడి సరిచేస్తోంది. మర్చిపోయాడేమో అనుకున్నాను. కానీ ఆక్సెల్ ప్రసంగ వేదిక మెట్లు దిగుతూ నా వైపు చూడలేదు. ప్రతి ఆదివారం చూసేవాడు.

మా మతంలో చచ్చిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం. పోయినవాళ్లు దేవుడి చేతుల్లోకి పోయినట్టే, ఇక మనం అడగడానికి ఏమీ లేదు. చలికాలమంతా ఆక్సెల్ ఆ పిల్లలకి ఇదే నేర్పాడు. “మునిగిన ఓడను ఇంటికి చేర్చమని అడగడం ప్రార్థన కాదు, దేవుడితో అబద్ధం ఆడటం” అని మా ముందు గదిలోనే చెప్పాడు. నేను పక్క గదిలో బంగాళాదుంపలు ఒలుస్తూ విన్నాను.

జనం బయటికి పోయేదాకా ఆగి, చర్చి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేశాను. అంగీ విప్పుతున్నాడు.

“ఏవండీ, ఎస్తర్ మునిగిపోయిందా?”

అతని చేతులు బొత్తాల మీదే ఆగిపోయాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ నిలబడటమే జవాబు.

“ఎప్పుడు తెలిసింది?”

“శుక్రవారం. ఎవల్డ్ వచ్చినప్పుడు.” గొంతు తగ్గించాడు. “ఇంగ్లండ్ వాళ్ల ఓడ ఒకటి చూసిందట. ఎస్తర్ మీదుండే చిన్న పడవ బోల్తాపడి కనిపించింది. పేరు పలక దొరికింది. ఎవరూ మిగల్లేదు.”

“తుఫానా?”

వంగి అంగీ మడతలు సర్దుకున్నాడు.

“తుఫానా అని అడుగుతున్నా.”

“పెద్ద గాలి కూడా లేదట. అడుగు చెక్కలు విచ్చుకుని ఉంటాయంటున్నారు.”

అప్పుడు నాకు మొత్తం కనిపించింది. బరువైన ఇంజన్, పాత చెక్కలు. అలాంటిదే ఇంకొకటి రేవులో కట్టేసి ఉంది. రేపు పొద్దున్న దాని మీద నా తమ్ముడు ఎక్కుతాడు.

“రెబెక్కా వెళ్లేదాకా చెప్పొద్దన్నాడా ఎవల్డ్?”

“సోమవారం మధ్యాహ్నానికి గట్టిగా తెలుస్తుందన్నాడు. ఖాయం చేసుకోకుండా... ఆ పిల్లల రోజు పాడు చెయ్యడం నాకే ఇష్టం లేకపోయింది సున్నివా. ఒక్క ఆదివారం. ఆ పిల్లని తండ్రి ఉన్న పిల్లలా నిలబెడదామని...”

“ఆ పిల్లని అడ్డం పెట్టుకోకు.” నేనతన్ని ఎప్పుడూ ‘నువ్వు’ అనలేదు. ఆ రోజు అన్నాను. “ఖాయం కాకపోతే పేరు ఎందుకు మింగావు? బతికున్నారేమో అన్న ఆశ గింజంత ఉన్నా ప్రార్థించేవాడివి.”

“చచ్చిపోయినవాళ్లని ఇంటికి చేర్చమని దేవుడి ముఖం మీద అబద్ధం ఎలా ఆడను?”

“ఎల్స్పా ముఖం మీద ఆడావుగా! ఆమె కేకు తింటూ ఆడావు. నన్ను పక్కన నడిపించుకుని, నా చేతిలో సూదులు పెట్టి మరీ ఆడావు. దేవుడికి నీతో అబద్ధం ఆడించుకునే ఖర్మ పట్టలేదు గానీ, మేం మాత్రం దొరికామా?”

“నేను మాటిచ్చాను.”

“ఎవరికి? ఎవల్డ్‌కి. ఈ అంగీ తొడుక్కున్న రోజు ఎవరికిచ్చావు?”

తలుపు బయట ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు. విందులు మొదలయ్యాయి. “మధ్యాహ్నం చెబుతా, రేపు మధ్యాహ్నం,” అన్నాడు. గోడకి చెప్పినా అంతకంటే మంచి జవాబు వచ్చేది. తలుపు తీసుకుని బయటికొచ్చేశాను.

తోర్కిల్ మా పెదనాన్న ఇంటి విందులో ఉన్నాడు. వాణ్ని గొర్రెల దొడ్డి దగ్గరికి లాక్కెళ్లి చెప్పాను. వాడు నా మొహం చూసి ముందు భయపడ్డాడు, తర్వాత నవ్వాడు.

“అక్కా, బావ అంగీ వేసుకుని ఎవరింటికైనా వెళ్లాడా?”

“లేదురా, దాచాడని చెబుతున్నా కదా!”

“మరింకేం. నిన్న నువ్వే పక్కన అల్లుకుంటూ తిరిగావు. ఊరంతా చూసింది.”

“ఒరేయ్, ఆయన నాతో చెప్పాడు. నోటితో చెప్పాడు.”

“మొగుడూ పెళ్లాల మధ్య ఏదో గొడవైంది, నువ్వు నా మీద పెడుతున్నావు. ప్రతి ఏడూ నేను ఓడ ఎక్కే ముందు నీకు ఏదో ఒక పీడకల వస్తుంది.” నా భుజం తట్టాడు. “అయ్యగారు చెప్పకుండా ఈ ఊళ్లో ఎవడూ చావడు. బావనే వచ్చి చెప్పమను, సంచీ దింపేస్తా.”

వాడు చెప్పింది తప్పు కాదు. మా కట్టుబాటే అది. ఆ కట్టుబాటు ఎంత గట్టిదో తెలిసే ఎవల్డ్ ఒక్కడి నోరు కట్టేశాడు. ఊరంతటినీ బుజ్జగించక్కర్లేదు, ఒక్క నోరు చాలు.

ఎల్స్పా ఇంటి దాకా కూడా వెళ్లాను. కిటికీలోంచి పాటలు వినిపిస్తున్నాయి. నేను చెబితే ఆమె కూడా పుకారే అంటుంది. అనకపోతే ఇంకా ఘోరం. గుమ్మం ముందు నిలబడి నిలబడి తిరిగొచ్చేశాను. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఆక్సెల్ మూడుసార్లు మాట కలపబోయాడు. నేను వినలేదు.

సోమవారం పొద్దున సన్నగా వాన. ఓడ బయలుదేరే రోజు పాదిరి రేవులో నిలబడి దీవిస్తాడు కాబట్టి అతను అంగీలో వచ్చినా ఎవరూ బెదరరు. ఊరంతా రేవులోనే ఉంది. ఎల్స్పా కూడా వచ్చింది, విందులో మిగిలిన రొట్టెలు మూటకట్టి ఓడవాళ్లకి ఇవ్వడానికి. “ఐస్‌లాండ్ దగ్గర మా ఆయన కనిపిస్తే ఇవి ఆయన ముందే తినండర్రా,” అంటోంది. కుర్రాళ్లు కేకలేసి నవ్వారు.

ఆక్సెల్ నా కళ్లలోకి చూడకుండా చెయ్యెత్తాడు. టోపీలు తీశారు.

“ప్రభువా, రెబెక్కాను, దానిలో వెళ్లే నీ బిడ్డలను నీ అరచేతిలో పెట్టుకుని...”

అతను ఆమేన్ అనబోతుండగా నేను ముందుకొచ్చాను. ఎదుట నిలబడ్డాను. నా గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

“అయ్యగారూ, నిన్న చర్చిలో ఎస్తర్ పేరు తప్పిపోయింది. ఇప్పుడు చెప్పండి. ఎస్తర్‌ను క్షేమంగా ఇంటికి చేర్చమని అడగండి.”

“అవునే, నిన్న నేనూ వినలేదు,” అంది వెనక నుంచి ఒక ముసలామె.

“అడగండి అయ్యగారూ,” అంది ఎల్స్పా, రొట్టెల మూట సర్దుకుంటూ. “మా ఆయనకి రెండు ప్రార్థనలు ఎక్కువ కావాలి.”

ఎవల్డ్ గబగబా వచ్చాడు. “అమ్మగారికి ఒంట్లో బాగున్నట్టు లేదు. సముద్రం ఆటు తిరిగిపోతోంది, తాళ్లు విప్పండి.”

“ఒక్క వాక్యం,” అన్నాను. “ఎస్తర్‌ను ఇంటికి చేర్చు అని ఒక్క వాక్యం. దానికి ఆటు తిరిగిపోదు.”

ఆక్సెల్ నోరు తెరిచాడు. “ప్రభువా,” అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. వాన నీళ్లు అతని మెడపట్టీ మడతల్లోంచి కారుతున్నాయి. మళ్లీ “ప్రభువా” అన్నాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది.

ఎవరూ అరవలేదు. ఎల్స్పా రొట్టెల మూటను కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని ఆక్సెల్‌ని చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. ఆమె వెనకే ఎస్తర్ మీద వెళ్లినవాళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరూ.

తర్వాత ధబ్బుమని ఏదో పడింది. తోర్కిల్ సంచీ. ఓడ మీద నుంచి గట్టు మీదికి విసిరేశాడు. దాని వెనక ఇంకో సంచీ, ఇంకోటి.

“ఏం చేస్తున్నార్రా!” అని ఎవల్డ్ అరిచాడు. “ఎక్కినవాళ్లు దిగడానికి లేదు. మళ్లీ నా ఓడల మీద చోటు దొరకదు మీకు!”

“నీ ఓడల మీద చోటు సముద్రం అడుగునే కదా దొరికేది,” అన్నాడు తోర్కిల్. “నువ్వెక్కు. నీ కడుపు బరువుకి దాని చెక్కలు ఎంతసేపు ఆగుతాయో గట్టు మీద నుంచి చూస్తాం.”

వాళ్లని అక్కడే వదిలేసి ఆక్సెల్ ఇళ్ల వైపు నడిచాడు. ఎస్తర్ మనుషులున్న ప్రతి ఇంటికీ వెళ్లాడు. నేను వెంట వెళ్లలేదు. చెప్పాల్సిన మాట అందరికీ తెలిసిపోయాక చెప్పడానికి వెళ్లాడు. కొందరు లోపలికి రానిచ్చారు, కొందరు విని తలుపేశారు. ఎల్స్పా అసలు తియ్యలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ. రోజూ మధ్యాహ్నం అంగీ వేసుకుని ఆ గుమ్మం ముందు నిలబడి వచ్చేవాడు. నేను ఆపలేదు, వెళ్లమనీ అనలేదు. మా ఇంట్లో పేరుకే వేరు కుంపటి లేదు. నేను వండి బల్ల మీద పెట్టేదాన్ని. నేను లేచాక అతను తినేవాడు. ఊరు అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆదివారాలు చర్చికి వచ్చారు, పాడారు, పోయారు. చేతులు మాత్రం కలపలేదు.

గొర్రెల ఉన్ని కోత పనులు మొదలయ్యే వేళకి ఎవల్డ్ మా గుమ్మం ఎక్కాడు. వంటింటి తలుపు తెరిచే ఉంది. అతనికి నేను కనిపిస్తున్నాను, అయినా పట్టించుకోలేదు.

“దక్షిణపు దీవి నుంచి మనుషుల్ని తెప్పించా,” అన్నాడు. “రెబెక్కా గురువారం వెళ్తుంది. అడుగున తారు పూయించా, అంతా బాగుంది. మీరు వచ్చి దీవించాలి. మీరు దీవించకపోతే వాళ్లూ ఎక్కేది లేదంటున్నారు. పెద్ద దైవభక్తులు!”

ఆక్సెల్ బల్ల మీది కాఫీ కప్పు ఎవల్డ్ వైపు జరిపాడు. ఇప్పుడు కూడా సరే అంటే, పిండి గిన్నె ఇద్దరి నెత్తినా బోర్లించి మా తమ్ముడింటికి పోదామని అప్పటికప్పుడు తేల్చుకున్నాను.

“దీవిస్తాను,” అన్నాడు ఆక్సెల్. “మీరు ఎక్కండి.”

“అంటే?”

“ఐస్‌లాండ్ దాకా మీరు వాళ్లతో పడుకోండి, తినండి. అడుగున పడుకునే చోట, చెక్కల పక్కన. మీరు ఎక్కిన మరుక్షణం దీవిస్తాను. లేకపోతే గురువారం నేను కూడా రేవుకొస్తాను. ఆ శుక్రవారం సాయంత్రం మీరు ఈ కుర్చీలో కూర్చుని నాకేం చెప్పారో, నేనేం ఒప్పుకున్నానో, ఆ దక్షిణపు దీవి వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా చెబుతాను.”

“సంఘం మీకు కూడు పెడుతోంది పాదిరిగారూ.”

“ఎల్స్పా కూడా పెట్టింది. కేకు.”

ఎవల్డ్ లేచి, కాఫీ ముట్టకుండా పోయాడు. రెబెక్కా గురువారం వెళ్లలేదు. ఆ వేసవిలో అసలు కదల్లేదు.

ఆక్సెల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహంలో ఎన్నాళ్లకో కాస్త రక్తం కనిపించింది. నేనేమైనా అంటానని చూశాడు.

“ఆ మాట ఆ శుక్రవారమే అనాల్సింది,” అన్నాను.

“తెలుసు.”

“నీకు తెలిస్తే ఎవడిక్కావాలి? తెలియాల్సినవాళ్లకి చెప్పు.”

“తలుపు తియ్యడం లేదు కదా.”

“తియ్యకపోతే తలుపుకే చెప్పు. రోజూ వెళ్లి అక్కడ దిష్టిబొమ్మలా నిలబడి వస్తే అది చెప్పినట్టా? హాన్నస్ పోయాడని చెప్పాలనే చూస్తున్నావు. అది ఆమెకి తెలుసు. తెలియనిది నీ సంగతి. అది చెప్పు.”

అతను అంగీ తొడుక్కున్నాడు. ఈసారి నేనూ వెనక వెళ్లాను, ఉత్త చేతులతో, నాలుగడుగులు దూరంగా. కిటికీ తెరలు కదిలాయి. కదలనీ అనుకున్నాను.

ఎల్స్పా గుమ్మం ముందు నిలబడి అతను తలుపు తట్టలేదు. గట్టిగా, చర్చిలో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. శుక్రవారం ఎవల్డ్ వచ్చిన దగ్గర్నుంచి. పేరు పలక దొరికిందన్నాడు. శనివారం ఆమె రేడియో గురించి అడిగినప్పుడు తనకు తెలుసన్నాడు. తెలిసే కేకు తిన్నానన్నాడు. తెలిసే బీర్నా తల మీద చెయ్యి పెట్టానన్నాడు. పక్కిళ్లవాళ్లు బయటికొచ్చారు. అతను ఆగలేదు.

సగంలో తలుపు తెరుచుకుంది. ఎల్స్పా గడపలో నిలబడింది. నల్ల బట్టల్లో సగానికి సగం చిక్కిపోయి ఉంది. ఆక్సెల్ మాట ఆపి ఒక అడుగు ముందుకేశాడు.

“లోపలికి రమ్మని నేనన్లేదు,” అంది. “అక్కడే నిలబడు. బీర్నా తల మీద చెయ్యి పెట్టాను అన్నావు. ఆ తర్వాత?”

అతను వెనక్కి అడుగేసి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె చివరిదాకా వింది.